పడమటి మండలాల వార్తను తేల్చేదెవరు?

2022 ఫిబ్రవరి 23న ఏ తెలుగు న్యూస్ చానల్ పెట్టినా నెల్లూరు జిల్లా ఉదయగిరే కనిపించింది. రెండు రోజుల ముందు హైదరాబాద్‌లో హఠాత్తుగా కన్నుమూసిన మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి అంత్యక్రియలు ఆ రోజు అక్కడి మెరిట్స్ ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో జరిగాయి. ముఖ్యమంత్రి వచ్చారు, మంత్రులు వచ్చారు, వాళ్ల వెంట కెమెరాలూ వచ్చాయి. ఆయన మరణంతో ఖాళీ అయిన ఆత్మకూరు స్థానానికి జూన్ 23న ఉప ఎన్నిక జరిగింది. తమ్ముడు విక్రమ్ రెడ్డి 82,888 ఓట్ల ఆధిక్యంతో గెలిచారని తేలిన జూన్ 26 దాకా ఆత్మకూరు పేరు తెర మీద వినపడుతూనే ఉంది.

తర్వాత కెమెరాలు వెళ్లిపోయాయి. ఉదయగిరి, ఆత్మకూరు ఉన్న ఈ పడమటి మెట్ట ప్రాంతం కష్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సోమశిల హైలెవల్ కాలువ ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూసే రైతులు, ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిన పల్లెలు, పనులు లేక ఇళ్లకు తాళాలు వేసి వలసపోయే కుటుంబాలు, భౌగోళిక గుర్తింపు దక్కిన చెక్క చెంచాలు చెక్కే ఉదయగిరి ఆడవాళ్లు వార్తల్లోకి ఎప్పుడో తప్ప రారు. వచ్చినా ఇరవై సెకన్లే.

ఈ ఇరవై సెకన్లను ఎవరు కొలుస్తున్నారు? ఎడిటర్లకు మెట్టంటే చిన్నచూపు అనో, స్థానిక విలేకరులకు పని చేతకాదు అనో అనేస్తే సులువుగా తేలిపోతుంది. కానీ లోపలికి వెళ్లి చూస్తే కనిపించేది వేరు. ఉదయగిరి, ఆత్మకూరు వార్త మూడు చోట్ల తేలుతోంది: విలేకరి బతుకుతెరువులో, దూరాన ఉన్న డెస్కులో, ఇంటికొచ్చే కేబుల్ తీగలో. ఎడిటర్ విచక్షణ అనేది ఈ మూడూ దాటాక మిగిలిన దాని మీద మాత్రమే పనిచేస్తుంది. మూడింటిలోనూ మొదటిదే అసలుది.

సారా ఉద్యమం చూపిన దారి

స్థానిక వార్తకు ఎంత బలం ఉందో తెలుగువాళ్లకు మొదట చూపించింది ఈ ప్రాంతమే. దూబగుంట ఉన్నది కలిగిరి మండలంలో, ఉదయగిరి నియోజకవర్గంలో. 1991లో అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లాకు వచ్చినప్పుడు రాత్రిబడి వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణం సంగతి మాట్లాడుకున్నారు, తర్వాత దాన్ని మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఊరూరా లేచిన ఆ ఉద్యమానికి ఈనాడు ‘సారాపై సమరం’ పేరుతో రోజూ చోటిచ్చింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఉద్యమం చేసింది ఆడవాళ్లు. దుకాణాల ముందు కూర్చున్నదీ, వేలంపాటలను ఆపిందీ, దెబ్బలు తిన్నదీ వాళ్లే. పత్రిక చేసిన పని ఒక ఊరి సంగతిని మరో ఊరికి చేర్చడం. అది సాధ్యమవడానికి వెనక ఒక ఏర్పాటు ఉంది. 1989 నుంచి ఈనాడు జిల్లాకో చిన్న పత్రికను అనుబంధంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పేజీలు రోజూ నిండాలి కాబట్టి మండలానికో విలేకరి కావలసి వచ్చాడు. కలిగిరిలో జరిగింది కావలికి, కావలిలో జరిగింది ఆత్మకూరుకు తెల్లారేసరికి తెలిసింది. ఆ యాజమాన్యానికి తన లెక్కలు తనకు ఉండవచ్చు. అయినా పేజీ ఉంది కాబట్టే వార్త వచ్చింది. ముందు చోటు ఏర్పడితే వార్త దాన్ని వెతుక్కుంటూ వస్తుందన్నది ఆ అనుభవం చెప్పిన మాట. టీవీ ఈ మాటను అందుకోలేదు.

క్యాసెట్ పోయింది, దూరం పోలేదు

1977 అక్టోబర్‌లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్‌కు జిల్లా అంటే కలెక్టర్ కార్యక్రమమో, తుపానో. 1995లో ఈటీవీ, 2003 డిసెంబర్‌లో ఈటీవీ2, 2004లో టీవీ9, 2007లో ఎన్టీవీ, టీవీ5, 2009లో సాక్షి, హెచ్ఎంటీవీ, ఏబీఎన్ వచ్చాయి. ఒక్కో చానల్ రాగానే నెల్లూరులో ఒక స్టాఫ్ రిపోర్టర్, ఒక కెమెరామన్, నియోజకవర్గాల్లో కంట్రిబ్యూటర్లు ఏర్పడ్డారు. తొలినాళ్లలో ఆత్మకూరులో తీసిన క్యాసెట్‌ను కవర్లో పెట్టి, పైన పేరు రాసి, నెల్లూరు వెళ్లే ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాళ్లు. బస్టాండులో ఎవరో ఒకరు అందుకుని ఆఫీసుకు చేర్చేవారు. మధ్యాహ్నం బస్సు తప్పితే ఆ రోజు వార్త లేనట్టే. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఉదయగిరికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

ఇప్పుడు సెల్‌ఫోన్‌లో తీసి నిమిషంలో పంపుతున్నారు. పరికరం మారింది, నిర్ణయం జరిగే చోటు మారలేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఈటీవీ2 ఈటీవీ ఆంధ్రప్రదేశ్‌గా మారింది, పక్కన ఈటీవీ తెలంగాణ వచ్చింది. బులెటిన్‌లో ఆంధ్ర జిల్లాల వాటా పెరిగింది. కానీ పెద్ద చానళ్ల ప్రధాన డెస్కులు చాలావరకు హైదరాబాద్‌లోనే ఉండిపోయాయి. అంటే మర్రిపాడు మండలంలో మంచినీళ్ల గొడవ వార్త అవునా కాదా అన్నది పక్క రాష్ట్రంలో కూర్చున్న మనిషి చెబుతున్నాడు.

డెస్కు అడిగే ప్రశ్నలు

ఆ గొడవనే దగ్గరగా చూద్దాం. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. కంట్రిబ్యూటర్ చానల్ లోగో పట్టుకుని బండి మీద వెళతాడు. ఫోన్ అడ్డంగా పట్టి విజువల్స్ తీస్తాడు, ఇద్దరి బైట్లు తీసుకుంటాడు, పంచాయతీ కార్యదర్శి మాట్లాడనంటే అదీ రాస్తాడు. నెల్లూరు స్టాఫ్ రిపోర్టర్‌కూ, ఇన్‌పుట్ డెస్కుకూ వాట్సాప్‌లో పంపుతాడు. అటు నుంచి వచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఎంతమంది ఉన్నారు? తోపులాట జరిగిందా? ఏ పార్టీ వాళ్లు? ఎవరైనా సొమ్మసిల్లారా? మిగతా చానళ్లలో నడుస్తోందా?

ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా నీళ్ల గురించి లేదు. బోరు ఎప్పుడు ఎండింది, పథకానికి డబ్బు ఎప్పుడు మంజూరైంది, పైపులు ఎక్కడ ఆగాయి అని అడగడానికి డెస్కులో తీరిక ఉండదు. అక్కడున్న సబ్ ఎడిటర్ షిఫ్టులో పదుల కొద్దీ ఐటమ్స్ చూడాలి. తోపులాట ఉంటే నిమిషం, లేకపోతే స్పీడ్ న్యూస్‌లో ఒక వాక్యం. ఇలా కొన్నిసార్లు జరిగాక కంట్రిబ్యూటర్ కూడా నేర్చుకుంటాడు. తర్వాతిసారి నీళ్ల ఊరికి పోడు, తోపులాట ఉన్న చోటికే పోతాడు. ఎవరూ ఆర్డర్ వేయకుండానే ఎడిటోరియల్ విధానం మండల స్థాయిలో అమలైపోతుంది.

వార్తను రేటింగే నడుపుతుందని డెస్కులు అంటాయి. అది ఎంతవరకు నిజం? రేటింగులిచ్చే బార్క్ సంస్థ మీటర్లు 2020 నాటికి దేశం మొత్తం మీద సుమారు 44 వేల ఇళ్లలో ఉండేవి. అందులో మెట్ట పల్లెల వాటా ఎంత ఉండగలదో ఎవరైనా ఊహించవచ్చు. రేటింగుల కుంభకోణం బయటపడ్డాక 2020 అక్టోబర్ నుంచి 2022 మార్చి దాకా న్యూస్ చానళ్లకు రేటింగులే ఇవ్వలేదు. ఆ ఏడాదిన్నరలోనైనా బులెటిన్ల తీరు మారిందనిపించలేదు. అలవాటు అంత గట్టిపడింది.

దూరపు డెస్కు వల్ల జరిగే నష్టం చోటు దక్కకపోవడంతో ఆగదు. ఆత్మకూరు పేరుతో మన రెండు రాష్ట్రాల్లో చాలా ఊళ్లున్నాయి. 2019 సెప్టెంబర్‌లో ‘చలో ఆత్మకూరు’ అంటూ మారుమోగింది పల్నాడులోని ఊరు. 2022 జనవరిలో మతపరమైన ఘర్షణ జరిగింది అప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరులో. జిల్లా పేరు లేకుండా ‘ఆత్మకూరులో ఉద్రిక్తత’ అని స్క్రోలింగ్ వేస్తే నెల్లూరు ఆత్మకూరులో ఏమవుతుంది? పక్కనే అనుమసముద్రంపేట దర్గా ఉంది, హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్లే చోటు. ఒక్క జిల్లా పేరు రాయడానికి పట్టేది అరక్షణం. ఆ అరక్షణం తీసుకోవడం కూడా ఎడిటోరియల్ నిర్ణయమే.

జిల్లా హద్దుల సంగతి ఇంకా పెద్దది. 2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిలకు వస్తుంది. సోమశిల గేట్లెత్తితే అనంతసాగరం, చేజర్ల, సంగం మండలాల మీదుగా నీళ్లు నెల్లూరుకు పోతాయి. ఆ రోజుల్లో సోమశిల దగ్గర దేవాలయం దెబ్బతింది, కిందకు పోతే పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి తెగింది. పత్రికలైనా చానళ్లైనా వార్తను పంచుకునేది జిల్లా లెక్కన. కడప వార్త కడప పేజీకి, నెల్లూరు వార్త నెల్లూరు పేజీకి. పెన్నకు జిల్లా పేజీలు లేవు. ఎగువ జిల్లాలో కట్ట తెగితే అది దిగువ జిల్లాకు మొదటి వార్త కావాలి. డెస్కులు నదిని బట్టి కాకుండా కలెక్టరేట్‌ను బట్టి ఏర్పడినంత కాలం ఈ లోటు తీరదు.

జీతం లేని కొలువు

ఇప్పుడు అసలు సంగతి. నియోజకవర్గంలో, మండలంలో పనిచేసే కంట్రిబ్యూటర్‌కు చానల్ ఇచ్చేదేమిటి? పత్రికల్లో లైన్ అకౌంట్ అని ఒకటుంది, అచ్చయిన పంక్తుల లెక్కన డబ్బు. టీవీలో ప్రసారమైన స్టోరీకి ఇంత అని ఇచ్చే పద్ధతి ఉంది. అది పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. చాలాచోట్ల అదీ లేదు. లోగో ఇచ్చి, ఐడీ కార్డు ఇచ్చి, ప్రకటనల టార్గెట్ ఇస్తారు. సంక్రాంతి, ఉగాది, ఆగస్టు 15, నాయకుడి పుట్టినరోజు వస్తే చాలు, శుభాకాంక్షల ప్రకటనలు పోగుచేసి పంపాలి. వచ్చిన దాంట్లో కమీషనే అతని ఆదాయం.

ప్రకటనలు ఇచ్చేదెవరు? ఎమ్మెల్యే అనుచరులు, కాంట్రాక్టర్లు, ఇసుక, గ్రావెల్ వ్యాపారులు, ప్రైవేటు ఆసుపత్రులు, కాలేజీలు, రేషన్ డీలర్లు. పల్లెల్లో వార్తల్లోకి ఎక్కాల్సిన వాళ్లూ దాదాపు వాళ్లే. నిన్న ప్రకటన కోసం ఎవరి ముందు నిలబడ్డాడో, రేపు వాళ్ల మీదే వార్త రాయమంటే ఏ మనిషి రాయగలడు? ఇందులో నీతి తప్పింది అతనొక్కడే అనడం అన్యాయం. జీతం ఇవ్వని యాజమాన్యం అతణ్ని ఆ గుమ్మం ముందు నిలబెట్టింది. కొందరు బెదిరించి డబ్బు గుంజుతున్న మాట నిజం, దాన్ని సమర్థించలేం. కానీ అదే మెట్టలో సొంత పెట్రోలు పోసుకుని, ఇంట్లో తిట్లు తిని, ఇసుక లారీల ముందు కెమెరా పెట్టిన వాళ్లూ ఉన్నారు. వ్యవస్థ ఈ రెండు రకాల వాళ్లకూ ఇచ్చేది ఒకే ఐడీ కార్డు.

చట్టం కూడా వీళ్లను పట్టించుకోలేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికలకే వర్తించింది. 2011లో నోటిఫై అయి 2014లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన మజీథియా వేతన సిఫార్సులూ అంతే. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ టీవీ, డిజిటల్ మీడియాను కూడా జర్నలిస్టు నిర్వచనంలోకి తెచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. కానీ చట్టం అడిగేది ప్రధాన వృత్తి జర్నలిజమా, యజమాని ఉద్యోగం ఇచ్చాడా అని. వార్తతో పొట్ట గడవక ఎల్‌ఐసీ ఏజెన్సీయో, ఫొటో స్టూడియోనో నడిపే కంట్రిబ్యూటర్ అక్కడే జారిపోతాడు. జీతం ఇవ్వనందువల్ల వేరే పని చేస్తాడు, వేరే పని చేస్తున్నందువల్ల జీతానికి అర్హుడు కాడు.

ఎన్నికలొస్తే ఈ జబ్బు ముదురుతుంది. 2009 ఎన్నికల్లో మన రాష్ట్రంలో డబ్బు తీసుకుని అభ్యర్థుల వార్తలు వేసిన తీరును 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం నివేదికలో పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాస్ రెడ్డి వివరంగా రాశారు. టీవీల్లో రాజకీయ ప్రకటనలను ముందే పరిశీలించి అనుమతించాలన్న నియమం కూడా తెలుగు నేల మీద మొదలైన జెమినీ టీవీ కేసులోనే, 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఉత్తర్వుతో వచ్చింది. ప్రకటనను పరిశీలించడానికి కమిటీ ఉంది. వార్త వేషం వేసుకున్న ప్రకటనను పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే అది రసీదు లేకుండా వస్తుంది.

తీగ ఎవరి చేతిలో ఉంది

విలేకరి రాసి, డెస్కు ఒప్పుకున్నా, వార్త ఇంటికి చేరేది తీగ మీద. తొంభైల్లో డిష్ పెట్టి ఇంటింటికీ తీగ లాగిన కేబుల్ ఆపరేటరు అనేక పట్టణాల్లో ఒక లోకల్ చానల్ కూడా నడిపేవాడు. జాతరలు, బడి వార్షికోత్సవాలు, మున్సిపల్ సమావేశాలు, పెళ్లిళ్లు, సాయంత్రం పది నిమిషాల వార్తలు. నాణ్యత తక్కువే కానీ నిర్ణయం ఊళ్లోనే జరిగేది. తప్పు వేస్తే మర్నాడు కనెక్షన్ డబ్బులకు వెళ్లినప్పుడు ముఖం మీదే అడిగేవారు.

పల్లెలకు డిజిటైజేషన్ గడువు 2017 మార్చి 31తో ముగిసింది. సిగ్నల్ పంపే యంత్రాలు ఊరి ఆపరేటరు చేతి నుంచి దూరాన ఉన్న ఎంఎస్‌ఓ (మల్టీ సిస్టమ్ ఆపరేటర్) చేతికి పోయాయి. 2022 నవంబర్ 30న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లోకల్ చానళ్లు ఎంఎస్‌ఓ మొత్తం సామర్థ్యంలో 5 శాతం మించరాదు, చానల్‌కు వెయ్యి రూపాయలు కట్టి నమోదు చేయించుకోవాలి, వార్తలు వేయాలంటే కంపెనీగా ఏర్పడాలి, ప్రసారాల రికార్డు 90 రోజులు దాచాలి. నమోదు, రికార్డు మంచివే, జవాబుదారీ వస్తుంది. కంపెనీ షరతు మాత్రం చిన్న ఊరి చానల్‌కు భారమే.

1995 నాటి కేబుల్ టీవీ చట్టంలో ఇంకొక సంగతి ఉంది. సామరస్యం చెడగొడుతుందనుకున్న కార్యక్రమాన్ని ఆపే అధికారం కలెక్టరుకూ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకూ ఇచ్చింది. మన దగ్గర ఆ రెండో హోదా ఆర్డీఓది. ఆర్డీఓ ఆఫీసు ముందు జరిగే ధర్నాను చూపించే లోకల్ చానల్ మీద అధికారం ఆ ఆఫీసుదే. వాడినా వాడకపోయినా, అది ఉందన్న ఎరుకే కొన్ని వార్తలను పుట్టకముందే ఆపుతుంది.

తీగను ప్రభుత్వాలు ఎలా వాడుకున్నాయో మనం చూశాం. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో ఆగిపోయాయి. 2017 డిసెంబర్ 27న ఆంధ్రలో నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అంటూ ఫైబర్‌నెట్ మొదలైంది. తీగ నేరుగా ప్రభుత్వ సంస్థదే అయింది. 2019లో ప్రభుత్వం మారాక టీవీ5, ఏబీఎన్ రావడం లేదన్న ఫిర్యాదులు టెలికాం ట్రిబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్లాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ మారగానే టీవీ9, సాక్షి, ఎన్టీవీ, 10టీవీ ఆగిపోయాయి. టీవీ9ను పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. పార్టీలు మారాయి, పని మారలేదు. ‘ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి’ అన్న భావాన్ని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ కేసులో ఖాయం చేసింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ జీవన్‌ రెడ్డి ఉన్నారు. తరంగాలకు చెప్పిన న్యాయం తీగకు ఎందుకు వర్తించకూడదు?

సెల్‌ఫోన్ చానళ్లు

ఈ మూడు అడ్డంకులనూ దాటడానికి ఇప్పుడు ఊరూరా యూట్యూబ్ చానళ్లు, వాట్సాప్ గ్రూపులు పుట్టుకొచ్చాయి. డెస్కు లేదు, ఎంఎస్‌ఓ లేడు. మెట్టలోని సంగతులు ఇవాళ మొదట తెలిసేది వీటిలోనే. రోడ్డు గుంత మీద తీసిన రెండు నిమిషాల వీడియో కొన్నిసార్లు స్పీడ్ న్యూస్ కంటే ఎక్కువ పని చేస్తోంది. అయితే మొదటి అడ్డంకి, అంటే బతుకుతెరువు, అలాగే ఉండిపోయింది. ఇక్కడా డబ్బు వచ్చేది నాయకుల ప్రకటనల నుంచే. పైగా సరిచూసే రెండో కన్ను లేదు. ఆడపిల్లల పేర్లు, ఆత్మహత్య చేసుకున్న వాళ్ల ముఖాలు, విచారణ కాకముందే ‘దొంగ’ అన్న ముద్ర అలాగే వెళ్లిపోతున్నాయి. డెస్కు దూరమైతే నష్టం, అసలు లేకపోతే ఇంకా నష్టం.

బయట ఏం చేశారు

దూరాన ఉన్న యజమాని ఊరి స్టేషన్‌ను శాసించడం మన ఒక్కరి కష్టం కాదు. 2018లో అమెరికాలో సింక్లెయిర్ సంస్థ తన చేతిలోని డజన్ల కొద్దీ స్థానిక స్టేషన్లలో యాంకర్ల చేత ఒకే ప్రకటనను మాట పొల్లుపోకుండా చదివించింది. దారి చూపినవీ ఉన్నాయి. బ్రిటన్‌లో 2017 నుంచి బీబీసీ తన డబ్బుతో స్థానిక పత్రికల్లో విలేకరులను పెట్టించింది. వాళ్ల పని కౌన్సిల్ సమావేశాలకు వెళ్లి రాయడమే. కేరళలో కేబుల్ ఆపరేటర్లే సంఘంగా కూడి కేరళ విజన్‌ను నిలబెట్టుకున్నారు. మనకు దగ్గర్లోనే, చిత్తూరు జిల్లాలో 2001 నుంచి పొదుపు సంఘాల మహిళలు నవోదయం పత్రిక నడిపారు. జహీరాబాద్ దగ్గర 2008లో దళిత మహిళలు సంఘం రేడియో పెట్టారు. ఇలా దారి చూపిన వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే: వార్త రాసే మనిషికి ఆ వార్తలో ఉన్న వాళ్ల ముందు చేయి చాచే అవసరం లేకపోవడం.

కావలసిన మార్పు

అందుకే చేయాల్సిన పనులను ఈ క్రమంలో పెడుతున్నాను. మొదట, వార్త రాసే మనిషికీ ప్రకటన తెచ్చే మనిషికీ మధ్య గీత గీయాలి. ఏ చానల్ అయినా కంట్రిబ్యూటర్‌కు ప్రకటనల టార్గెట్ పెట్టకూడదని, నెలకు కనీస భృతి ఇవ్వాలని అక్రిడిటేషన్ షరతుల్లోనే రాయాలి. అక్రిడిటేషన్ కమిటీకి జిల్లాల్లో అధ్యక్షుడు కలెక్టరే కాబట్టి ఇది రాష్ట్రం తలుచుకుంటే అయ్యే పని. జీతం ఇవ్వలేని చానల్‌కు మండలంలో లోగో పంచే హక్కు కూడా ఉండకూడదు. రెండోది, సంఘటన జరిగినా జరగకపోయినా మెట్ట మండలాలకు వారానికి ఒక నిర్ణీత సమయం కేటాయించాలి. సారా ఉద్యమ కాలంలో పేజీ ముందు పుట్టినట్టే ఇక్కడ సమయం ముందు పుట్టాలి. మూడోది, పెన్నా పరీవాహకానికంతా ఒక డెస్కు ఉండాలి, కడప నుంచి నెల్లూరు దాకా నీటి వార్త ఒకే చేతి మీదుగా పోవాలి. నాలుగోది, ప్రభుత్వ తీగలో ఏ చానల్ ఉండాలన్నది ప్రభుత్వం చేతిలో లేకుండా స్వతంత్ర సంస్థకు అప్పగించాలి.

చూసేవాళ్ల వంతు కూడా ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి పట్టణాల్లో లెక్చరర్లు, లాయర్లు, రైతు సంఘాలు, పొదుపు సంఘాలు ఉన్నాయి. నెలకు తలో వంద వేసుకున్నా ఇద్దరు పూర్తికాలం విలేకరులను పోషించగలిగేంత జనం ఉన్నారు. వాళ్లు ఎవరి ప్రకటనా అడగకుండా మండల సర్వసభ్య సమావేశాల్లో కూర్చుని, బిల్లులు చదివి, కాలువ ఎక్కడ ఆగిందో వెళ్లి చూసి వస్తారు. కేబుల్‌కు నెలనెలా కట్టడం మనకు అలవాటే, అందులో ఊరి విలేకరికి పోయేది మాత్రం ఏమీ లేదు. దూబగుంట ఆడవాళ్ల దగ్గర టీవీ లేదు, ఫోన్ లేదు. తమ ఊరి సంగతి తేల్చేది తామేనని మాత్రం వాళ్లకు తెలుసు. మెట్ట వార్తను తేల్చే హక్కు మెట్టకు రావాలంటే, దాన్ని మోసుకొచ్చే మనిషి కూలి మనమే ఇవ్వాలి.